సరంగు కేక

ఈ వారము నా మనశ్శాంతిని హరించిన విషయము చూచుటకు మిక్కిలి స్వల్పము. టొరంటోలోనున్న మా అబ్బాయి ఆదివారమునాడు ఫోను చేసి, రాబోవు వేసవి పడవప్రయాణపు ముచ్చట నెత్తి, "నాన్నగారూ, ఈసారి ఆ కాగితాల చుట్ట మోసుకురాకండి, పటమంతా ఫోన్‌లోనే ఉంది" అనెను. ఆ చుట్ట యనగా హ్యూరన్ సరస్సునకు తూర్పు బాహువైన జార్జియన్ బే యొక్క జలమార్గ పటములు. అంచులు చిరిగి, టేపుతో అతుకులు పడి, ఒక మూల పులిహోర నూనెమరకను ధరించి, నాలుగు వేసవులుగా నా పెట్టెలో మడిబట్టవలె ఒకరు తాకకుండ వసించుచున్నవి. చాదస్తమను మాట వాడనలేదు, అనకుండుటలోనే వినిపించెను.

ఈ శీర్షికను ఏండ్ల తరబడి సహించుచున్న పాఠకులకు నా వ్యాధి క్రొత్తది కాదు. రోటిపచ్చడి మిక్సీ పాలైన నాడును, పాళీ కలము బాల్‌పెన్నుకు చోటిచ్చిన నాడును నేను కార్చిన కన్నీరు వారెరుగుదురు. కావున ఈ వారమును యంత్రదూషణమే యని వారు తలచినచో తప్పులేదు. కలము పట్టునపుడు నేనును అట్లే తలచితిని.

ఆ జలప్రాంతమునకు ముప్పదివేల దీవులని పేరు. అవి మన గోదావరి లంకలవలె ఒండ్రు పేరుకొని పుట్టినవి కావు. ఒకానొక యుగమున హిమానీనదములు రాచి రాచి నునుపు చేసిన గులాబివన్నె రాతిబండలు, పడమటి గాలికి ఒరిగి పెరిగిన పైన్ వృక్షములతో నీటినుండి వీపులు పైకెత్తి పరుండినట్లుండును. పైకి కనబడు బండలతో పేచీ లేదు. కనబడనివాటితోనే సమస్తమైన పేచీయు. మరపడవలకు గుర్తించిన దారి వెంట ఎరుపు, ఆకుపచ్చ బోయాలు తేలుచుండును: ఎగువకు పోవువానికి ఎర్రది కుడివైపు, పచ్చది ఎడమవైపు ఉండవలెను, మన దేశపు సముద్రపు రేవులలో ఈ న్యాయము సరిగా తలక్రిందులు. నదియైనచో ఎగువ ఏదో కొట్టుకొనివచ్చు గడ్డిపరకయు చెప్పును. సరస్సున ఎగువ ఎచ్చట? పటములోని బాణపు గుర్తు ఎటు చూపిన అదియే ఎగువ.

పడవలో లోతు చూపు యంత్రమొకటి కలదు. అది క్రిందనున్న లోతును చెప్పునే గాని ముందున్న రాతిని చెప్పదు. అందుచేత మేము ఐదు పడవల వారము ఒకరి వెనుక నొకరము, ఎద్దుబండ్ల వరుసవలె, సూర్యుడు వీపునకుండు వేళ చూచుకొని మెల్లగా కదలుదుము. ఎదురెండ తళుకులో దాగియుండు రాయి వీపుటెండలో గోధుమవన్నె మచ్చయై బయటపడును. సాయంకాలము ఒక మరుగుచోట లంగరు దింపి, ఐదు పడవలను ప్రక్కప్రక్కన త్రాళ్లతో కట్టినచో, అవి అగ్రహారపు అరుగులవలె ఒకదానినుండి యొకదానికి సాగును. అయినను ఇతరుల పడవను దాటునపుడు వారు కూర్చున్న చోటి నడుమనుండి గాక ముందుకొన మీదుగా పోవుట అచ్చటి మర్యాద. మా పులిహోర ఆ కొసకు పోవును. ఆ కొస చేపవేపుడు ఇటు వచ్చును.

మా సరంగు బాబాయిని ఈ పుటలో పలుమారులు కలిసికొన్నవారే మీరు. మరల వచ్చుచున్నాడు, కొంచెము జరిగి చోటిండు. కోటిపల్లి రేవునుండి ముక్తేశ్వరమునకు లాంచి నడపిన ఆయనకు పటమును లేదు, అక్షరమును రాదు. వరద తీసిన తరువాత గోదావరి, పండుగ ముందు ఇల్లు సర్దిన ఇల్లాలివలె, ఇసుక మేటల నన్నిటిని క్రొత్త చోట్లకు మార్చియుండును. నిన్నటి దారి నేడు దిబ్బ. అప్పుడు ముందుకొన నొక కుర్రవాడు వెదురుగెడ దింపుచు "నిలువు... పీక... మొల..." అని అరచుచుండగా, బాబాయి చక్రముమీద రెండువ్రేళ్లు మాత్రముంచి నీటి ముడుతలను చదువుచుండెడివాడు. లోతును మనుష్యశరీరముతో కొలుచుట మనకొక్కరికే చెల్లలేదు: మన బార చాచిన రెండుచేతుల కొలతయైనట్లే, ఆంగ్ల నావికుల ఫాదమును పుట్టుకచేత చాచిన చేతుల కొలతయే. ఒకనాటి సంధ్యవేళ ఇంతటి పండితుని లాంచియు పెండ్లివారితో సహా ఇసుకలో దిగబడెను. మగవారందరు పంచెలెగగట్టి నీటిలోనికి దిగి నెట్టిరి. పెండ్లికుమారుని మాత్రము దింపలేదు. "నీకు తెలీలేదా బాబాయ్?" అని నేనడుగగా, "నీరు నిన్న చెప్పిన మాట మీద ఇవాళ నిలబడదు బాబూ" అనెను. ఈ వాక్యమును అనుభవజ్ఞుని వేదాంతముగా నేనెన్నిమారులు ఉదాహరించితినో మీకు తెలియును.

ఉదాహరించిన నేనే దానిని మరచితిని. పటములలోని లోతులు సముద్రమట్టమునకు 176 మీటర్ల ఎత్తున నిర్ణయించిన మట్టమునుండి క్రిందికి కొలిచినవి. సరస్సు మాత్రము ఆ మట్టమునకు కట్టుబడి యుండదు. 1986 అక్టోబరు నాటి గరిష్ఠమునకును 2013 జనవరి నాటి కనిష్ఠమునకును నడుమ అంతరము దాదాపు 2 మీటర్లు, అనగా నిలువెత్తుకు మించిన నీరు. ఇవన్నియు తెలిసియు, ముందటేడు హాయిగా దాటిన సందే గదా యని, బోయాల దారి విడిచి అటు తిప్పుమని చుట్టపటము విప్పి మా అబ్బాయిని ఆజ్ఞాపించితిని. ఇత్తడిబిందె మెట్లమీద దొరలినట్టి చప్పుడయ్యెను. వెనుక పడవలోని వృద్ధుడు, ఒకప్పుడు వడ్రంగము చేసినవాడు, తన పడవను దూరముననే నిలిపి, చిన్నపడవలో వచ్చి, మొలలోతు నీటిలో దిగి, వంగిన ప్రొపెల్లరు తీసి మా అబ్బాయి అందించిన క్రొత్తదానిని బిగించెను. పిదప తన పటము తెచ్చి చూపెను. నా పటమువంటిదే, అయితే దానినిండ పెన్సిలు గుర్తులు, ప్రతి గుర్తు ప్రక్క ఒక సంవత్సరము, కొన్నింటి ప్రక్క ఆ సంగతి తెలిపిన పడవ పేరు. మా రాయి అందులో ఏనాడో యున్నది. అడిగినచో చెప్పియుందును గదా యని ఆయన మందలింపైనను చేయలేదు.

ఇన్నేండ్లుగా బాబాయి మాటను పట్టుకొని ఆయన పనిని వదలితినని ఈ వారము, ఫోనుమీది కోపము చల్లారిన పిమ్మట, నాకు తోచెను. దిగబడిన మరునాటినుండి ఆయన ఎదురువచ్చిన ప్రతి పడవవద్దను ఇంజను తగ్గించి, నోటికి రెండుచేతులు అడ్డుపెట్టి, "పైన ఎలాగుందీ?" అని కేకవేసెడివాడు. చేపలవాడును, ఇసుకపడవవాడును, లంకనుండి కొబ్బరికాయలు తెచ్చువాడును బదులు పలికెడివారు. మూడవనాటికి ఆ మేట రేవంతటికి తెలిసియుండెను. ముడుతలు చదివిన కన్ను ఆయనదే. దారి మాత్రము పదిమందిది. మా అబ్బాయి ఫోనుపటములోను పడవవారు తమకు తగిలిన రాళ్లను, లంగరు నిలిచిన చోట్లను తామే ఎక్కించుచుందురట. దీవుల మరుగున ఫోనుకు సంకేతమందని చోట్లును కలవు, నీటినుండి చూపు మరల్చరాని క్షణములును కలవు. అయినను ఆ ఫోనులోనున్నది యంత్రము కాదు, సరంగు కేకయే యని ఒప్పుకొనక తప్పలేదు. కేక వేయక, అడుగక, కాగితమును మాత్రము నమ్మి పోయిన యంత్రమును నేనే.

నిన్న మరల ఫోను చేసి, మన రాతిని అందులో ఎక్కించితివా యని అడిగితిని. "ఆ రోజు సాయంత్రమే ఎక్కించాను" అనెను. ఏమని వ్రాసితివనగా కొంతసేపు మాటాడలేదు. 'నాన్నగారి రాయి' యట. చుట్టను మాత్రము తీసికొనియే పోవుదును; ఆ పేరు సంవత్సరముతో సహా పెన్సిలుతో అందులో వ్రాసికొనవలయును గదా!