మాయకూ ఒక షరతు

మా అవ్వకు ఇంగ్లీషు రాదు. ఆ మాటకొస్తే ఆదివారం పొద్దున ఆ టీవీ ముందు చేరిన వాళ్ళలో ఎవరికీ రాదు. 1980ల నడిమి కాలం. వాకాడుకు తూర్పున, సముద్రపు హోరు వినపడే మా ఊళ్ళో వీధి మొత్తానికీ ఒకటే నలుపు తెలుపు టీవీ. దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’ వచ్చే వేళకు మిద్దె మీద ఒకడు యాంటెన్నా తిప్పేవాడు. కింద నుంచి మేం “వచ్చింది, ఆగు... పోయింది, తిప్పు” అని కేకలేసేవాళ్ళం. తెర మీద నలుగురు గుండ్రటి పలకల మీద నిలబడ్డారు, ఒళ్ళంతా మిణుగురులై మెరిసింది, మాయమయ్యారు. మరుక్షణం ఏదో గ్రహం మీద రాళ్ళ మధ్య తేలారు. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే అవ్వ మాత్రం ఆకూ వక్కా నములుతూ, “అంతర్ధానమయినారబ్బయా. మన నారదుడు చేసే పనే గదా. అయితే వీళ్ళు పొయ్యేముందు ఎవురికో చెప్పి పోతా ఉండారే, ఎవురికి?” అంది.

ఆమె పట్టుకున్న ఆ చిన్న సంగతే అసలు సంగతని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నారదుడి మాయ నారదుడి చేతిలోనే ఉంటుంది. స్టార్ ట్రెక్ కెప్టెన్ మాయ మాత్రం మీటల దగ్గర నిలబడ్డ ఇంకో మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి ఏమరినా, మర చెడినా, నడుమ ఏదైనా అడ్డొచ్చినా గ్రహం మీదున్న వాళ్ళ గతి అంతే. మంత్రానికీ యంత్రానికీ తేడా అక్కడుంది. యంత్రానికి షరతులుంటాయి. కథ అంతా ఆ షరతుల్లోంచే పుడుతుంది.

ఆ మర పుట్టుక కూడా డబ్బుల్లేకనే. 1966 సెప్టెంబరు 8న అమెరికాలో మొదలైన ఆ ధారావాహికను రూపొందించిన జీన్ రాడెన్‌బెర్రీకి, ప్రతివారం ఒక పెద్ద నౌకను కొత్త గ్రహం మీద దించి చూపించే ఖర్చు భరించడం సాధ్యం కాలేదు. అందుకని మనుషుల్నే మెరుపులుగా మార్చి కిందికి పంపారు. ఖర్చు తప్పించుకోవడానికి వేసిన ఎత్తు అది. రచయితల చేతిలో పడ్డాక అదే వాళ్ళ సొమ్మయింది. రిచర్డ్ మాథెసన్ రాసిన ఒక భాగంలో ఆ మర చెడి కెప్టెన్ ఇద్దరుగా బయటికొస్తాడు. ఒకడు నెమ్మదస్తుడు, ఒకడు క్రూరుడు. చూసేవాడు మంచివాడు గెలవాలనుకుంటాడు. కానీ ఆ మంచివాడికి గంట గంటకూ నిర్ణయం తీసుకునే శక్తి పోతూ ఉంటుంది, ఆజ్ఞ ఇవ్వబోయి తడబడతాడు. మనలోని కోపాన్ని పూర్తిగా తీసేస్తే మిగిలేవాడు పనికొస్తాడా అన్న ప్రశ్న అది. దాన్ని వేదాంతంగా చెబితే ఎవరు వింటారు? పాడైపోయిన యంత్రంగా చెబితే యాభై నిమిషాలు కదలకుండా చూశారు, అరవై ఏళ్ళ తర్వాత కూడా చూస్తున్నారు. మూడేళ్ళలో 79 భాగాలతో ఆగిపోయిన ధారావాహిక అది!

ఆ తరం రచయితల్లో నాకు అందరికంటే పెద్దగా కనిపించేది రాడ్ సెర్లింగ్. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి తెల్లవాళ్ళు చంపేశారు. ఆ ఘోరం మీద సెర్లింగ్ టీవీ నాటకం రాస్తే, ప్రకటనలిచ్చే వాళ్ళూ ప్రసారం చేసే వాళ్ళూ కలిసి అందులోని ఊరునీ రంగునీ సంగతినీ ఒక్కొక్కటే తీసేసి పీచు మిగిల్చారు. ఆ దెబ్బ తిన్న మనిషి 1959లో ‘ట్విలైట్ జోన్’ మొదలుపెట్టాడు. పక్కింటివాడు అన్యాయం చేశాడని చెప్పనివ్వని వాళ్ళు, పక్క గ్రహం వాడు చేశాడంటే అభ్యంతరం పెట్టలేదు. అయిదేళ్ళలో వచ్చిన 156 భాగాల్లో 92 ఆయన రాసినవే. నిజం చెప్పడానికి దారి మూసినప్పుడు ఊహ దారి చూపించింది. అంత పని చేసిన ఊహను పిల్లల కాలక్షేపం అనడం నాకు నచ్చదు.

బ్రిటన్ వాళ్ళ ‘డాక్టర్ హూ’ కూడా పొదుపు బిడ్డే. 1963 నవంబరులో మొదలైంది. కథలోని కాలనౌక వీధి చివర ఉండే పోలీసు పెట్టె, బయటికి ఒక మనిషి పట్టేంత, లోపల ఒక భవనమంత. 1966లో ముఖ్య నటుడి ఆరోగ్యం సహకరించకపోతే, డాక్టర్ పాత్ర చావబోయేటప్పుడు కొత్త ఒళ్ళు తొడుక్కుంటుందని రాసేశారు. ఆ ఒక్క ఆలోచన వల్ల ఆ పాత్ర ఇన్ని దశాబ్దాలు బతికింది.

పెట్టె అనగానే తెలుగువాడికి ఇంకో పెట్టె గుర్తుకు రావాలి. 1959 సెప్టెంబరులో ఢిల్లీలో టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. అంతకు రెండేళ్ళ ముందే, 1957 మార్చిలో, ‘మాయాబజార్’లో మనం ప్రియదర్శిని చూశాం. మూత తీస్తే ఎక్కడో ఉన్న మనిషి కదులుతూ, పాడుతూ కనిపించే పెట్టె. అది టీవీలాంటిదని, ఇప్పుడైతే వీడియో కాల్ లాంటిదని అందరూ అంటారు. నాకు దానికంటే రచయిత పింగళి నాగేంద్రరావు ఆ పెట్టెకు పెట్టిన షరతు గొప్పగా అనిపిస్తుంది. చూడాలనుకున్నది కాదు, ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. కృష్ణుడు తెరిస్తే శకుని! ఒక్క పెట్టె, ఒక్క నియమం. నలుగురి లోపలా ఏముందో నాలుగు నిమిషాల్లో బయటపడింది, రాబోయే కథంతా అక్కడే నాటుకుంది. మాథెసన్ చెడిపోయిన మరతో చేసిన పని మన పింగళి బాగా పనిచేసే పెట్టెతో, తొమ్మిదేళ్ళ ముందు చేశాడు.

ఆ సినిమా దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు అప్పటి మా నెల్లూరు జిల్లావాడు. 1931లో ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, సూళ్ళూరుపేటలో బడిపంతులుగా చేరి, పిల్లల చేత తాను రాసిన నాటకాలు ఆడించాడు. అప్పటికి పులికాట్ అవతల శ్రీహరికోటలో ఉన్నది సరుగుడు తోపులు, అడవి, యానాదుల గుడిసెలు. రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నది 1969లో, మొదటి చిన్న రాకెట్ లేచింది 1971 అక్టోబరు 9న. అంటే భౌతికశాస్త్రమూ నాటకమూ రెండూ తెలిసిన ఒక పంతులు రాకెట్లకంటే ముందే ఆ ఊరికి వచ్చి వెళ్ళాడన్నమాట. మా తీరంలో పుట్టినవాడిగా ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఉదయగిరి సంగతి కూడా చెప్పాలి. గజపతుల చేతిలో ఉన్న ఆ కొండకోటను నెలల తరబడి ముట్టడించి 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ కొండ కింది ఊళ్ళో పుట్టినవాడు, హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘టైమ్ మెషీన్’ చదివి, ఆ యంత్రాన్ని ఎక్కడికి పంపాలా అని ఆలోచిస్తే ఎక్కడికి పంపుతాడు? రాయల కొలువుకే పంపాడు.

ఆ సినిమా ‘ఆదిత్య 369’. దాని ఆలోచనను సింగీతం విమానంలో పక్కన కూర్చున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో చెబితే, ఆయనే నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కు చెప్పి ముందుకు నడిపించాడు. పాటలు రాసిన వాళ్ళలో ఒకరు నెల్లూరి వెన్నెలకంటి. మాటలు జంధ్యాల. సినిమా 1991 జులై 18న విడుదలైంది. సరిగ్గా పదకొండేళ్ళ ముందు, 1980 జులై 18 పొద్దున, శ్రీహరికోట నుంచి మన సొంత రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 మొదటిసారి ఒక ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తేదీలు కలవడం కాకతాళీయమే, అయినా మావాళ్ళకు అది పండగ తేదీ.

ఈ సినిమా పనితనం ఎక్కడుందో చూద్దాం. అసాధ్యమైన సంగతి ఒకటే ఉండాలి, చుట్టూ ఉన్నదంతా మామూలు లోకంగా ఉండాలి అన్నది వెల్స్ పాటించిన పద్ధతి. సింగీతం దాన్ని ప్రాణంగా పట్టుకున్నాడు. మొదట చాలాసేపు కాలంలో ప్రయాణమే ఉండదు. మ్యూజియంలో వజ్రం దొంగతనం, దాన్ని చూసిన పిల్లవాడు, వజ్రాలమీద పిచ్చి ఉన్న ఒక ధనికుడు, ఇంట్లో ఏదో యంత్రం కట్టుకుంటున్న ప్రొఫెసర్. ఇవన్నీ మనం నమ్మగలిగినవే. నమ్మకం కుదిరాక యంత్రం కదులుతుంది. అదీ ప్రణాళిక ప్రకారం కాదు, పొరపాటున. చేరింది 1526. ఆ వజ్రం రాయల కాలంలోనూ ఉంది, మన కాలంలోనూ ఉంది. ఒక రాయిని దారంగా వాడి కాలాలను కుట్టాడు. పూసలు ఎన్ని రంగులైనా దారం కనిపిస్తూ ఉంటే చూసేవాడు తప్పిపోడు.

యంత్రంలో హీరో హీరోయిన్లతో పాటు సుత్తివేలు వేసిన కానిస్టేబుల్‌ను కూడా ఎక్కించడం నా లెక్కలో అన్నిటికంటే తెలివైన పని. అతనికి విజ్ఞానం తెలియదు, చరిత్ర తెలియదు, ఇంటికి పోవాలని మాత్రం ఉంటుంది. ప్రేక్షకుడికి వచ్చే సందేహాలన్నీ అతని నోట పలుకుతాయి. విజయనగరాన్ని చూపించడంలో సెట్టింగులది సగం పనే, మిగతా సగం జంధ్యాల మాటలది. కొలువులో వాళ్ళ మాట బరువుగా, సమాసాలతో నడుస్తుంది. మనవాళ్ళ మాట వీధి మాట. రెండూ ఎదురుపడ్డప్పుడు నాలుగున్నర శతాబ్దాల దూరం చెవికి తెలుస్తుంది. కంప్యూటర్ బొమ్మలు లేని రోజుల్లో కాలాన్ని చూపించడానికి భాషకంటే చవకైన, గట్టిదైన సాధనం ఏముంటుంది? ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేయాల్సి రావడం కూడా కలిసొచ్చింది. పి.సి. శ్రీరామ్ ఆరోగ్యం బాగాలేక తప్పుకుంటే వి.ఎస్.ఆర్. స్వామి రాయల కాలాన్ని, కబీర్‌లాల్ భవిష్యత్తును తీశారు. ఏ కాలం వెలుగు ఆ కాలానికి వచ్చింది.

2504వ సంవత్సరపు భాగం నాకు అంతగా నచ్చలేదు. ఆ సామగ్రి ఇప్పుడు పాతబడి కనిపిస్తుంది, అక్కడి మాటల్లో రాయల కొలువులోని రుచి లేదు. అయితే ఆ భాగంలోని ఆలోచన మాత్రం పాతబడలేదు. మూడో ప్రపంచయుద్ధం తర్వాత నేల పైన రేడియేషన్, మనుషులు భూమి కింద. రేపటి రోజును స్వర్గంలా అలంకరించి పంపితే ఇంకా ఎక్కువ చప్పట్లు పడేవేమో. సింగీతం ఆ పని చేయలేదు.

గూడూరులో ఆ సినిమాకు అవ్వను నేనే తీసుకుపోయాను. తిరిగి వచ్చే బస్సులో ఆమె కిటికీ వైపు చూస్తూ, “రేవతమ్మ కథ గదా ఇది” అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, భాగవతంలోని కకుద్మి రాజు కథ. కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకానికి పోతాడు. అక్కడ పాట నడుస్తుంటే అయ్యేదాకా నిలబడతాడు. అయ్యాక అడిగితే బ్రహ్మ నవ్వి, నువ్వు అనుకున్న వరులు, వాళ్ళ కొడుకులు, మనవలు అందరూ పోయారు, ఇరవై ఏడు మహాయుగాలు గడిచాయి, పోయి బలరాముడికివ్వు అంటాడు. కిందికొస్తే లోకం మారిపోయి ఉంది, మనుషులు పొట్టివాళ్ళయ్యారు. “ఆ పిల్ల పాత యుగం పిల్ల గదా, తాటిచెట్టంత ఉండాది. బలరాముడు నాగలితో అట్టా వంచి తనంత చేసుకున్నాడు” అంది అవ్వ.

నాగలితో వంచడం విష్ణుపురాణంలో ఉంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నాగలి నన్ను వదలదు. కాలం గడిచిందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ కథ చెప్పినవాడు ఇంకో అడుగు వేశాడు. యుగాలు మారితే మనుషుల ఎత్తు మారుతుంది కదా, మరి పాత యుగం పిల్లకూ కొత్త యుగం వరుడికీ జోడీ ఎలా కుదురుతుంది అని ఆలోచించాడు. సైన్స్ ఫిక్షన్ రచయిత రోజూ చేయాల్సిన పని అదే. ఒక వింతను ఒప్పుకున్నాక, ‘అయితే?’ అని అడుగుతూ పోవాలి, జవాబును మళ్ళీ ఇంటి సమస్యగా మార్చాలి. అన్నట్టు ప్రియదర్శినిలో నగలు చూసుకున్న రేవతి ఈ రేవతే. మాయాబజార్ ఇంట్లో యుగాలు దాటి వచ్చిన మనిషి ఒకరు ఉన్నారని అవ్వ చెప్పేదాకా నాకు తట్టలేదు.

శాపమూ శాపవిమోచనమూ వింటూ పెరిగిన జాతికి షరతుల కథ కొత్తేమీ కాదు. హిందీలో ‘ఇంద్రధనుష్’, ‘కెప్టెన్ వ్యోమ్’ లాంటి సైన్స్ ఫిక్షన్ ధారావాహికలు దూరదర్శన్‌లో వచ్చినప్పుడు, మన సరుకు మన దగ్గర ఇంత ఉండగా అలాంటివి తెలుగులో ఎందుకు పుట్టలేదా అని బాధపడ్డాను. ఇప్పటికీ బాధే. వారానికొక కథ రాయగల వాళ్ళకు తెలుగు టీవీ చోటివ్వాలి. పెద్ద ఖర్చు అడ్డమని చెప్పడం కుదరదు, డబ్బు లేకపోవడం వల్లే కదా స్టార్ ట్రెక్ మరా, డాక్టర్ హూ పెట్టే పుట్టింది! 2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు, తొంభై దాటిన సింగీతం సినిమాకు నా పక్క సీట్లో ఒక పదేళ్ళ పిల్ల కానిస్టేబుల్ మాటలకు పడిపడి నవ్వింది.

రాకెట్ లేచే రోజున మావాళ్ళు ఇప్పటికీ పులికాట్ గట్టున చేరతారు. 2019 నుంచి శ్రీహరికోటలోనే కూర్చుని చూసే గ్యాలరీ ఉంది గానీ, నాకు గట్టే ఇష్టం. ఎవరి సెల్‌ఫోన్‌లోనో రాకెట్ కేంద్రం వాళ్ళ గొంతు వినిపిస్తుంది, పిల్లలు దాంతో పాటు తెలుగులో అందుకుంటారు. పది, తొమ్మిది, ఎనిమిది. ఇలా వెనక్కి లెక్కపెట్టడం 1929లో జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చంద్రయాత్ర మూకీ సినిమాలో వచ్చింది. కథ రాసింది ఆయన భార్య థియా ఫాన్ హార్బూ. ఒకటి నుంచి పైకి లెక్కపెడితే రాకెట్ ఎప్పుడు లేస్తుందో చూసేవాడికి తెలియదు, కిందికి లెక్కపెడితే ఊపిరి బిగబడుతుంది అని లాంగ్ వేసిన నాటకపు ఎత్తు అది. రాకెట్ల వాళ్ళకు అది నచ్చింది. మూడు, రెండు, ఒకటి. గట్టున అందరూ నోరు మూసుకుంటారు. చెట్ల తలల మీద ముందు వెలుగు లేస్తుంది, శబ్దం నీళ్ళ మీదుగా తర్వాత వస్తుంది, ఒడ్డున మేస్తున్న రాజహంసలు ఒక్కసారిగా లేస్తాయి.