కెంజాయ చుక్కలోని లెక్క

కంటికి కెంజాయ చుక్కవలె కనబడు కణకేంద్రకమును జూచి, అందెంత డీఎన్‌ఏ ఇమిడియున్నదో నిర్ణయించు విద్య, అంకెలు మాత్రమే ఎరిగినవారికిగాక, రంగు వేయుటలోని మెలకువలు చేతికి పట్టుబడినవారికే వశమగునని ప్రయోగశాలలో చిరకాలము పనిచేసిన నా నమ్మకము. 1924లో జర్మనీదేశీయుడు రాబర్ట్ ఫాయిల్గెన్ వెలువరించిన పద్ధతియే నేటికిని దీనికి మూలము. గాజుపలకను హైడ్రోక్లోరికామ్లములో నానబెట్టి, పిమ్మట వర్ణరహితమైన షిఫ్ ద్రావకమున ముంచినయెడల, డీఎన్‌ఏ యున్నచోట మాత్రమే ఊదాఛాయగల ఎరుపు తేలును. ఆ ఎరుపు అడ్డగించిన వెలుతురును కొలిచినచో లోపలి ద్రవ్యమెంతయో తెలియును. చెప్పుట సులభమే. ఆమ్లమున తక్కువసేపుంచిన రంగు పట్టదు, ఎక్కువసేపుంచిన డీఎన్‌ఏయే కరిగి కొట్టుకొనిపోవును. కణజాలపు పొర మరీ పలుచగా కోసితిమా, కేంద్రకములు సగము తెగి, రోగి కణములకంటె మన కత్తినే కొలిచినట్లగును.

అందుచే మా మలేషియాలోని బాగాన్ దాతుక్ కొబ్బరితోటలలో కొప్పర తూచువాడు ముందుగా తక్కెడ సరిగానున్నదో లేదో చూచుకొనునట్లు, మేమును అదే పలకపైనున్న, ఆ రోగివేయైన ఆరోగ్యకర లింఫోసైటులను (తెల్లరక్తకణములను) వెదకి, 46 క్రోమోజోములుగల వానిని ప్రమాణముగా గైకొని, కణితి కణములు వానికెన్ని రెట్లున్నవో లెక్కింతుము. సమానమైన డిప్లాయిడ్, ఒకటిన్నర రెట్లో, ఒకటీ ముప్పాతికో అని చిత్రముగా తేలినచో అన్యూప్లాయిడ్, అనగా క్రోమోజోముల సంఖ్య చెదరినదన్నమాట.

ఈ కొలతకు ఆయుర్దాయముతో సంబంధమున్నదని తెలిసిన తీరు విచిత్రమైనది. 1983లో హెడ్లీ యను పరిశోధకుడును, ఆయన సహచరులును మైనపు దిమ్మలలో దాచిన పాత కణితులనుండి మందపు ముక్కలు కోసి, పెప్సిన్‌తో కరిగించి, కేంద్రకములను తెగకుండ విడదీయు ఉపాయము చూపిరి. దానితో, బ్రతికిరో మరణించిరో ఏనాడో తేలిపోయిన స్త్రీల కణితులు సైతము అలమారలనుండి బయటకు వచ్చి సాక్ష్యము చెప్పగలిగెను. భవిష్యత్తును జెప్పు విద్య గతమును వెనుకనుండి చదువుటచేత అలవడినది! 1984లో ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రీడ్‌లాండర్ బృందము, ముదిరిన అండాశయ కేన్సరులో డిప్లాయిడ్ కణితులుగలవారు అధికకాలము జీవించుచున్నట్లు ప్రకటించినది. పిదప 1993లో ఓస్లో వైద్యులు, పూర్తిగా కేన్సరనుటకు వీలులేని అండాశయపు సరిహద్దు కణితులలో రోగి భవితను సూచించుటకు ఈ కొలతయే అన్నిటికంటె ముఖ్యమని వ్రాసిరి.

సరిహద్దు కణితుల విషయమున నాకును అట్లే తోచును. అయితే అండాశయపు తీవ్రజాతి సీరస్ కేన్సరులో దాదాపు కణితులన్నియు అన్యూప్లాయిడ్‌లే గనుక, అందరికీ ఒకే ముద్ర పడినప్పుడు ఆ ముద్ర యెవరిని వేరుచేయగలదు? పైగా ఆ అంకె ఒక సమూహమును గూర్చి పలుకునేగాని, ఎదుట కూర్చున్న ఒక్క ఇల్లాలినిగూర్చి పలుకదు.

తెలుక్ ఇంటాన్‌లో మన ఆడవారు కడుపుబ్బరమును ఆంగిన్, అనగా వాయువు, అని తైలము రాచుకొని నెలలు గడుపుదురు. అండాశయ కేన్సరు ఏ దేశమునందైనను తరచు ఆలస్యముగానే బయటపడును. రిపోర్టు చేతబట్టుకొని "ఎన్నేండ్లు బ్రతుకుదునన్నా?" యని అడుగ వచ్చెడి చెల్లెండ్రకు, ముందు దశ యేదో చూడుమనియు, శస్త్రచికిత్సలో కణితి యెంత మిగిలినదో సర్జనును అడుగుమనియు, బీఆర్‌సీఏ జన్యుపరీక్ష సంగతి విచారింపుమనియు చెప్పుదును. డీఎన్‌ఏ కొలత మాట ఆ తరువాతిది. అదియును కణితి సరిహద్దు జాతిదైనప్పుడే.