హేమ ఎందుకు అడగదు?

సైన్స్ ఫిక్షన్‌లో లొసుగులు వెతకడం అందరికీ సరదాయే. సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ (1991) టీవీలో వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో వాదన మొదలవుతుంది. 465 ఏళ్లు వెనక్కి పోయినవాళ్ల మాట రాయలవారికి అంత సులువుగా ఎలా అర్థమైంది? కృష్ణకుమార్, కృష్ణదేవరాయలు ఇద్దరూ బాలకృష్ణే కదా, ఆ పోలిక చూసి సభ అంతా నోరు తెరవాలి కదా? 1526 నుంచి ఇంటికి బయల్దేరిన యంత్రం పోయి పోయి 2504లోనే ఎందుకు ఆగాలి? వీటితో నాకు పేచీ లేదు. కాలయంత్రాన్నే నమ్మినవాళ్లం, భాష దగ్గర బేరాలాడటం ఎందుకు?

నన్ను వదలని చిక్కు హేమ. మోహిని వేసిన పాత్ర. యంత్రం తయారుచేసిన ప్రొఫెసర్ రాందాస్ కూతురు ఆమె. ఏళ్ల తరబడి తండ్రి ఆ పనిలో మునిగివున్న ఇంట్లో పెరిగిన పిల్లకి దాని గురించి ఏం తెలుసు? కథకి ఆ ఆసక్తి లేదు. ప్రమాదం వస్తే దారి వెతకాల్సింది కృష్ణకుమారే. హేమ పక్కన ఉండాలి, భయపడాలి, పాట వస్తే ఆడాలి. నవ్వించడానికి కానిస్టేబుల్ వేషంలో సుత్తివేలు ఉన్నారు. కథలో ఆయనకైనా ఒక పని ఉంది.

ఖానాపూర్‌లో మా చిన్నమ్మ బీడీలు చుడుతూ ఈ సినిమా చూసింది. అప్పట్లో మాది ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. తలెత్తేది తక్కువ, వినేది ఎక్కువ. నడుమ ఒక్క మాట అంది: “గా మిషిని ఆమె ఇంట్లనే అయింది గద బిడ్డా, నడుపుడు ఆమెకెందుకు నేర్పలె?” సినిమా గురించి నేను చదివిన వ్యాసాలు వేటిలోనూ ఈ ప్రశ్న లేదు.

రాయల సభకొస్తే, నాకు గుర్తుండిపోయే స్త్రీ ఒక్కతే, సిల్క్ స్మిత వేసిన సింహనందిని. పాదాలతో నేలమీద సింహం బొమ్మ గీస్తూ ఆడే నాట్యం పేరు అది. ఎంతో సాధన కావాల్సిన విద్య. ఆ పేరు పెట్టుకున్న నర్తకిని కథ మాత్రం హేమకి ఎదురు నిలిచే ఆకర్షణగానే వాడుకుంది. అన్ని శతాబ్దాలు దాటి పోయినా ఇద్దరాడవాళ్లు కలిస్తే మధ్యలో ఒక మగవాడు ఉండి తీరాలా? స్మిత అంతటి నటికి కూడా అంతకంటే పెద్ద పని దొరకలేదన్నది నా బాధ.

చరిత్రలో మరో పాత్ర దొరక్కపోతే సరే అనుకోవచ్చు. కానీ ఉంది. 1535 ప్రాంతంలో, అంటే హేమ విజయనగరంలో దిగి పదేళ్లు కూడా తిరక్కుండా, పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ అక్కడి విషయాలు రాసిపెట్టాడు. అప్పటికి రాజు అచ్యుతరాయలు. అంతఃపురంలో కుస్తీలు పట్టే స్త్రీలు, జ్యోతిషం చెప్పే స్త్రీలు ఉన్నారన్నాడు. కోట లోపలి ఖర్చులన్నీ లెక్క రాసే స్త్రీలున్నారు. రాజ్య వ్యవహారాలు రాసి, బయట మగ లేఖకులు రాసిన పుస్తకాలతో తమ పుస్తకాలను పోల్చి చూసే స్త్రీలు కూడా ఉన్నారన్నాడు. రాబర్ట్ సూయల్ 1900లో దీన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు. రహస్యమేమీ కాదు.

ఆ వాక్యం చదివినప్పుడు నాకు చిన్నమ్మే గుర్తొచ్చింది. కార్ఖానాలో ఎన్ని బీడీలు తీసుకున్నారు, ఎన్ని బాగాలేవని తీసేశారు, అదంతా వాళ్ల పుస్తకంలో ఉంటుంది. చిన్నమ్మ దగ్గర తన పుస్తకం వేరే. పాత నోటుబుక్కు చివరి కాగితాలు. నెలకోసారి రెండూ కలిపి చూస్తుంది. కలవకపోతే కార్ఖానాకి పోయి కొట్లాడుతుంది.

ఇది తెలుగు సినిమాకే పట్టిన జబ్బు కాదు. అమెరికా టీవీ సీరియల్ ‘స్టార్ ట్రెక్’ మొదటి నమూనా ఎపిసోడ్‌లో ఓడలో కెప్టెన్ తర్వాతి స్థానం ఒక స్త్రీది. చానెల్ ఆ ఎపిసోడ్‌ని ఒప్పుకోలేదు. రెండోసారి తీసినప్పుడు ఆ పాత్ర లేదు. అది వేసిన మేజెల్ బారెట్ అదే సీరియల్‌లో నర్సుగా తిరిగొచ్చింది. తమాషా ఏమిటంటే, పాత దృశ్యాలు వృథా కాకుండా 1966లో ఒక రెండు భాగాల కథలో అతికించారు. అంటే ఆ లోకంలో ఓడ నడపగల స్త్రీ ఉన్నట్టు వాళ్లే చూపించారు. తీరా 1969 జూన్ 3న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో, మీ కెప్టెన్ల లోకంలో ఆడవాళ్లకి చోటు లేదని ఒక స్త్రీ వాపోతుంది. ఆ కోరిక తీరక కెప్టెన్ శరీరంలోకి దూరిన పిచ్చిదానిగా ఆమెను ముగించారు. ‘వాయేజర్’లో జేన్‌వే కెప్టెన్‌గా వచ్చేసరికి 1995. కాంతి కంటే వేగంగా పోయే ఓడని ఊహించడానికి పట్టిన కాలం కంటే ఇది ఎక్కువ.

మనవైపు కొంత మారింది. 2021లో ‘ఆహా’లో వచ్చిన పవన్ కుమార్ సిరీస్ ‘కుడి ఎడమైతే’లో ఒకే రోజు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. అది గుర్తుండేది ఇద్దరికి. ఒకరు తిండి పార్సిళ్లు తెచ్చిచ్చే కుర్రాడు, రెండోవారు అమలాపాల్ వేసిన సి.ఐ. దుర్గ. అందులోనూ లొసుగులు ఏరొచ్చు. కానీ “ఇది ఎందుకు జరుగుతోంది?” అని అడిగే హక్కు దుర్గకుంది, ఆ అడగడం ఆమె ఉద్యోగంలో భాగం. హేమకి లేనిది అదే.

ఆ కథ మళ్లీ రాసే అవకాశమే వస్తే, నేను హేమని నాట్యమంటపానికి పంపను. లోపలి గదిలో దీపం పెట్టుకుని లెక్క రాస్తున్న ఆవిడ దగ్గర కూర్చోబెడతాను. ఆ రాత్రి ఆవిడ పుస్తకానికీ బయటి లేఖకుడి పుస్తకానికీ లెక్క కలవదు. వజ్రం ఎవరు తీశారో చెప్పేది అందులో ఒక్క పుస్తకమే. రాజు ఎవరి పుస్తకం నమ్ముతాడు?