సైబరుస్పేసు: కారకవిచారము

సైబరుస్పేసను పదమును విలియం గిబ్సను 1982లో "బర్నింగు క్రోము" అను కథయందు ప్రయోగించెను. 1984లో వెలువడిన యాతని "న్యూరోమాన్సరు" నవలచే నా పదము జగత్ప్రసిద్ధమయ్యెను. కంప్యూటరుల లోపలి లోకమును వర్ణించిన యా నవల చేతితో నడుపు టైపుయంత్రముపై వ్రాయబడినదగుట గమనింపదగినది. ఇచట వస్తుపరిచయముకంటె భావనయే ముందు నడచినది.

ఈ పదమునందలి పూర్వభాగమునకు మూలము, నార్బర్టు వీనరు 1948లో ప్రకటించిన గ్రంథముచే వ్యాప్తికెక్కిన "సైబర్నెటిక్సు" అను శాస్త్రనామము. దానికి ప్రకృతియైన గ్రీకుపదమునకు చుక్కాని పట్టువాడని యర్థము. ఉత్తరభాగమునకు ప్రదేశమని యర్థము. లోకవ్యవహారమున ప్రదేశమే నిలిచినది. చుక్కాని పట్టువాడు మఱుగుపడినాడు. ఆ మఱుపు సాహిత్యమునందును గోచరించుచున్నది.

ఆశను వెల్లడించు రచనలలో జాన్ పెరీ బార్లో 1996 ఫిబ్రవరి 8న దావోసునుండి వెలువరించిన సైబరుస్పేసు స్వాతంత్ర్యప్రకటనము ముఖ్యమైనది. అమెరికాలో నానాడే సంతకమైన టెలికమ్యూనికేషన్సు చట్టమునకిది ప్రత్యుత్తరము. జాతి, ధనము, జన్మము అను భేదములు పాటింపక యెల్లరును ప్రవేశింపదగిన, ప్రభుత్వముల కధికారము లేని మనోదేశ మందు వర్ణింపబడినది. రచనయందలి యౌదార్యము శ్లాఘనీయము. కాని సముద్రగర్భమున తీగలు పఱచినవారును, యంత్రశాలలకు విద్యుత్తు సమకూర్చువారును, వాని యజమానులును అందు కానరారు. ప్రభువులు తొలగినపిదప నా తీగలు గలవారే ప్రభువులగుదురేమోయను శంక యా రచనకు కలుగలేదు.

భయమును జూపు రచనలలో ఇ. ఎం. ఫార్‌స్టరు 1909లో ప్రకటించిన "ది మెషిన్ స్టాప్స్" అను కథ మిక్కిలి పూర్వమైనది. అందు జనులు భూగర్భమున నొక్కొక్క గదిలో నొంటిగా నివసించుచు యంత్రముద్వారా సంభాషింతురు. కూనో యనువాడు తన తల్లి వాష్టిని యంత్రముద్వారా గాక యెదుట జూడగోరును. జనులు క్రమముగా యంత్రమును పూజింపసాగుదురు. అది నిలిచిపోగా నశింతురు. అయినను దానిని నిర్మించినవారు మనుష్యులేయని కూనో మఱువడు. ఈ యెఱుకచేతనే ఫార్‌స్టరు కథ బార్లో ప్రకటనముకంటె విచారమున గొప్పది.

పాణినీయమున క్రియయందు స్వతంత్రుడు కర్త, మిక్కిలి సాధకమైనది కరణము, ఆధారము అధికరణము. వక్తృవివక్షచే కుండ వండుచున్నదనుటయు సాధువే. అంతమాత్రమున వండువాడు లేడని యెవ్వడును తలపడు. బార్లో అధికరణమును మాత్రమే చూచెను. ఫార్‌స్టరు కథలోని జనులు కరణమునే కర్తగా నమ్మి చెడిరి.

ఈ విచారము గ్రంథములకు మాత్రమే పరిమితము కాదు. తెలుగునాట చౌకధరల దుకాణమున వ్రేలిముద్ర కుదరనప్పుడు "మిషను ఒప్పుకోలేదు" అను మాట వినబడును. వ్యాకరణమునకు నది సమ్మతమే. కాని అరిగిన వ్రేళ్లతో రిక్తహస్తయై మరలు ముదుసలికి సమాధానము చెప్పవలసినది మిషను కాదు; ముద్ర కుదరనిచో నేమి చేయవలెనో నిర్ణయింపవలసిన మనుష్యుడు. ఆశను బోధించు రచనయందైనను భయమును బోధించు రచనయందైనను పాఠకుడు మొదట వెదకవలసినది ఆ కర్తనే.