దేవుని ఆకలి, కన్నవారి కడుపు

మన అద్భుత కథల్లో దైవభక్తికీ, బిడ్డల మీది ప్రేమకూ తగవు వచ్చే ఘట్టాలు తక్కువేమీ కాదు. ఈ ఘట్టాలను చదవడంలో మనకు రెండు అలవాట్లు స్థిరపడినవి. సంప్రదాయ పండితుడు కన్నీరు తుడుచుకొని, భక్తి గెలిచిందని సంతోషిస్తాడు. అభ్యుదయవాదినని చెప్పుకొనేవాడు ఇదంతా మూఢవిశ్వాసమని పుస్తకం మూసేస్తాడు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయం. కథలోని తగవును ఇద్దరూ విచారించడం లేదు. మొక్కు ఎవరిది, దాని ఖరీదు ఎవరు చెల్లించారు, చెల్లించేవారిని ఎవరైనా అడిగారా అనే ప్రశ్నలు వేసినప్పుడే ఈ కథలు నోరు విప్పుతాయి.

మొదట చాలా పాత కథను తీసుకుందాం. ఐతరేయ బ్రాహ్మణంలోని హరిశ్చంద్రుడికి నూరుగురు భార్యలున్నా సంతానం లేదు. కొడుకు పుడితే ఆ కొడుకునే బలి ఇస్తానని వరుణుడికి మొక్కుకున్నాడు. రోహితుడు పుట్టాడు. వరుణుడు బాకీ అడగడానికి వచ్చాడు. పదిరోజులు గడవనిమ్మన్నాడు రాజు. తరువాత పళ్లు రానిమ్మన్నాడు, ఆ పళ్లు ఊడనిమ్మన్నాడు, మళ్లీ రానిమ్మన్నాడు, కొడుకు ఆయుధం పట్టనిమ్మన్నాడు. ఈ వాయిదాలను మించిన పుత్రప్రేమ వర్ణన మన వాఙ్మయంలో అరుదు. రాజు దేవుణ్ణి కాదనలేడు, కొడుకును వదులుకోలేడు. భక్తికీ ప్రేమకూ నడుమ సమతూకం అంటే అతనికి గడువు పెంచుకుంటూ పోవడమే.

కాని గడువులకు అంతం వున్నది. రోహితుడు అడవికి పారిపోయాడు. తండ్రికి జలోదరం పట్టింది. అడవిలో ఆకలితో మాడుతున్న అజీగర్తుడనే బ్రాహ్మణుడు రోహితుడికి కనిపించాడు. అతనికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి ఇవ్వనని తండ్రి పట్టుకున్నాడు, చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి పట్టుకున్నది. నడిమివాడు శునశ్శేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోయాడు. యజ్ఞశాలలో అతణ్ణి యూపానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే, మరో నూరు ఆవులు పుచ్చుకొని తండ్రే కట్టాడు. నరకడానికి ఇంకొక నూరు పుచ్చుకొని కత్తి నూరుకుంటూ వచ్చాడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. రాజు ఇంట్లో భక్తీ, పుత్రప్రేమా రెండూ నిలిచినవి. ఆ రెండూ నిలవడానికి పేదవాని ఇంట్లో పుత్రప్రేమ అమ్ముడుపోవలసి వచ్చింది. రాజుకు వచ్చింది ధర్మసంకటం. అజీగర్తుడికి వచ్చింది ఆకలి. అజీగర్తుణ్ణి రాక్షసుడని తిట్టడం తేలిక. కాని ఆ తల్లిదండ్రులు పెద్దవాణ్ణీ, చిన్నవాణ్ణీ పట్టుకున్న తీరును కథకుడు మరచిపోలేదు. వారికీ ప్రేమ వున్నది. ముగ్గురికీ సరిపోయేంత ప్రేమను నిలుపుకునే స్తోమతు లేదు. చివరకు దేవతలు శునశ్శేపుని కట్లు విప్పినా అతడు తండ్రి దగ్గరకు తిరిగి పోలేదు. విశ్వామిత్రుని కొడుకైనాడు. అద్భుతం ప్రాణాన్ని కాపాడగలిగింది గాని, అమ్ముడుపోయిన బంధుత్వాన్ని తిరిగి తేలేకపోయింది. ఈ కథ గొప్పతనం అక్కడే వున్నది.

ఇక సిరియాళుని కథ. 12వ శతాబ్దిలో చోళ రాజ్యంలో శేక్కిళార్ రచించిన పెరియ పురాణంలో సిరుత్తొండర్ పల్లవుల సేనాపతి, వాతాపిని జయించినవాడు. కన్నడ, తెలుగు నేలల్లోకి వచ్చేసరికి అతడు సెట్టి అయినాడు. శ్రీనాథుడు హరవిలాసంలో ఆ సెట్టి కథ చెప్పి, ఆ కావ్యాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికే అంకితమిచ్చాడు. నాయకుని వృత్తి మారింది, పోషకుని వర్గం మారింది. మారనిది ఒక్కటే: వంటకమయ్యే పిల్లవాడు.

శివుడు భైరవ వేషంలో వచ్చి కోరిన షరతులను పెరియ పురాణం వివరంగా చెబుతుంది. ఐదేండ్ల బాలుడు కావాలి, ఒక్కగానొక్క కొడుకు కావాలి, తల్లి పట్టుకోగా తండ్రి కోయాలి, ఇద్దరూ సంతోషంతో చేయాలి. అన్నిటికంటే క్రూరమైనది ఈ చివరి షరతు. మాంసం ఒక్కటే చాలదు, నవ్వు కూడా కావాలి. వెట్టి చేయించుకోవడమే కాక దాన్ని నవ్వు మొగంతో చేయమనే దొరతనాన్ని చూచిన మన ప్రజలకు ఈ షరతు కొత్తది కాదు. కన్నవారి మొగాల్లో ఆనందం చూసి, ఏమీ తెలియని పిల్లవాడు కూడా నవ్వుతాడు. తలమాంసం వంటకు పనికిరాదని తల్లి పక్కన పెట్టమంటే, అతిథి అదే అడగవచ్చునని చందన అనే దాది దాన్ని విడిగా వండి వుంచుతుంది. ఆమె ఊహే నిజమవుతుంది. పెద్దల ఆకలి ఎంతదాకా పోతుందో పనిమనిషికి తెలిసినట్లు యజమానురాలికి తెలియదు.

తరువాత జరిగేది అందరికీ తెలిసినదే. కొడుకును పిలవమంటాడు అతిథి. పిలిస్తే బడి నుంచి వచ్చినట్లు పిల్లవాడు పరుగెత్తుకు వస్తాడు. ఈ అద్భుతం కథకు ప్రాణమని పండితులంటారు. కథకు తప్పించుకునే దారి అని నేనంటాను. ఆ పిల్లవాడు తిరిగి రాకపోతే? ఆ తల్లి మరునాడు పొయ్యి ఎలా రాజేస్తుంది? మొగుడి మొగం ఎలా చూస్తుంది? ఆ ప్రశ్నలు మన నాలుక మీదికి రాకముందే కవి పిల్లవాణ్ణి తెచ్చి తల్లి ఒడిలో కూర్చోబెడతాడు. పోగొట్టుకున్నదంతా వడ్డీతో తిరిగి వచ్చిన తరువాత ఇక విచారణ ఏమున్నది! శునశ్శేపుని కథలో అద్భుతం జరిగినా లెక్క మిగిలింది. ఇక్కడ అద్భుతం లెక్కనే కొట్టివేసింది.

అయితే మన పూర్వులకు ఈ సంగతి తట్టలేదనుకోవడం పొరపాటు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో బసవపురాణం రాస్తూ సిరియాళుని కథ చెప్పాడు. కాని అక్కడితో వదలలేదు. నరమాంసపు విందు కోరినందుకు హలాయుధుడనే భక్తుడు సాక్షాత్తు శివుణ్ణే భక్తుల గుంపులో నుంచి వెలివేసిన వృత్తాంతం కూడా అతని కావ్యంలో వున్నది. దేవుణ్ణి వెలివేయడం! సోమనాథుడు నాస్తికుడు కాడు, తీవ్రమైన వీరశైవుడు. అయినా భక్తిలోపలి నుంచే ఒక గొంతు లేచి, ఇది తగని పని అని చెప్పింది. పూర్వసాహిత్యంలో మనం వెదకి పట్టుకోవలసింది ఇటువంటి గొంతులనే. మొత్తం కావ్యాన్ని పారవేస్తే హలాయుధుణ్ణి కూడా పారవేసినవాళ్లమవుతాము.

పండరీపురపు పుండరీకుని కథ ఈ తగవును మరో విధంగా తీర్చింది. తల్లిదండ్రుల సేవలో వున్నవాడు గుమ్మంలోకి వచ్చిన దేవునికి ఒక ఇటుక విసిరి, దాని మీద నిలబడి వుండమన్నాడు. దేవుడు నడుముకు చేతులు పెట్టుకొని ఈనాటికీ నిలబడే వున్నాడని జనం చెప్పుకుంటారు. 1957లో వచ్చిన పాండురంగ మహాత్మ్యం చిత్రం ద్వారా ఈ కథ తెలుగునాట పల్లెపల్లెకూ చేరింది. ఎవరి గొంతూ కోయకుండా తగవు తీరింది. ఇంటి పని అయిందాకా ఆగగలిగినవాడే దేవుడని జనం తీర్పు చెప్పారు.

జానపద చిత్రాల్లో పాతాళభైరవి (1951) ఇంకొక అడుగు వేసింది. నేపాళ మాంత్రికుడు దేవి వరం కోసం ఒక సాహసిని బలి ఇవ్వదలచి, తోటవాని కొడుకు రాముణ్ణి ఎంచుకుంటాడు. బలికి పేదవాని కొడుకును వెదకడం శునశ్శేపుని నాటి నుంచి వస్తున్నదే. కాని ఇక్కడ బలిపశువు మేల్కొని మాంత్రికుణ్ణే బలి ఇచ్చాడు. దేవి మాత్రం ఎవరు ఇచ్చారని అడగలేదు, బలి ఇచ్చినవానికి వరమిచ్చింది. ప్రేక్షకులు ఈలలు వేసింది అందుకే. అయితే ఒక మాట మరువరాదు. రాముడు బలిపీఠాన్ని కూలదోయలేదు, దాని మీది మనిషిని మాత్రమే మార్చాడు.

ఇంతవరకు ఇతరుల కథలను తూచాము. అదే త్రాసులో మన కథలను కూడా పెట్టకపోతే ఈ విమర్శకు విలువ లేదు. మనకు దేవుడు లేడు, కాని ఉద్యమం వున్నది, ఆశయం వున్నది. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం మొదలుకొని మనం రాసుకున్న కథల్లో కొడుకు శవం ముందు కంట తడి పెట్టకుండా పిడికిలి బిగించే తల్లిని ఎన్నిసార్లు చిత్రించాము! త్యాగం అబద్ధం కాదు. ఆ తల్లులు నిజంగా వున్నారు. అయితే ఆమెను ఏడవనివ్వకపోవడం మన అబద్ధం. సంతోషంతోనే ఇవ్వాలన్న భైరవుని షరతును తెలియకుండానే మనమూ పెడుతున్నాము. చివర ఎర్రజెండా ఎగరేసి లెక్క కొట్టివేయడం, పిల్లవాణ్ణి బడి నుంచి పిలిపించడం వంటిదే.

క్రొవ్విడి లింగరాజు అనువాదంతో మనకు చేరువైన గోర్కీ 'అమ్మ'లో నీలొవ్నా అట్లా చేయదు. ఆమె భయపడుతుంది, ఏడుస్తుంది, కొడుకు మాటలు అర్థం కాక తల్లడిల్లుతుంది. కొడుకు మీది ప్రేమను చంపుకొని ఆమె ఉద్యమంలోకి రాలేదు. ఆ ప్రేమే పెరిగి పెద్దదై కొడుకు స్నేహితులను, వారి వెనుక వున్న ప్రజలను చుట్టుకున్నది. ఆమెను ఎవరూ పట్టుకొమ్మని ఆజ్ఞాపించలేదు, ఆమె తెలుసుకొని నడిచింది.

ఆశయానికీ కుటుంబానికీ నడుమ సమతూకం అనేది చెరిసగం పంచుకోవడం కాదు. ఇచ్చేవాడు తనది తాను ఇస్తున్నాడా, ఇతరులది ఇస్తున్నాడా అన్నదే అసలు కొలత. సిరుత్తొండర్ తన తల ఇచ్చివుంటే అది త్యాగం. ఐదేండ్ల పిల్లవాని తల ఇచ్చాడు కనుక దానికి వేరే పేరు వెదకాలి. తరగతి గదిలో ఈ కావ్యాలు చెప్పే ఉపాధ్యాయులు పద్యం అందాన్ని వివరించిన తరువాత, ఆ పిల్లవాణ్ణి ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న కూడా విద్యార్థుల ముందు పెట్టాలి. కొత్త కథలు రాసే మిత్రులు తమ కథలోని తల్లిని కూడా ఒకసారి అడిగి చూడాలి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వాలి. ఆ ఏడుపు వల్ల మన ఆశయానికి వచ్చే లోటేమీ లేదు.