ఆన్‌లైన్ దుకాణాల్లో సుగమ్యత: చట్టం, ప్రమాణం, తెలుగు వివరణ

పరిశోధన సారాంశం:
దివ్యాంగుల హక్కుల చట్టం 2016 క్రయవిక్రయాలను ప్రజాసేవల్లో భాగంగా గుర్తించింది. అయినా ఆన్‌లైన్ దుకాణంలో అంధులు తమకు నచ్చిన వస్తువును తామే ఎంచుకునే అవకాశం పరిమితంగానే ఉంది. ఈ లోపానికి సాంకేతిక కారణాలతోపాటు భాషాపరమైన కారణం కూడా ఉందని, చేనేత చీరల విక్రయాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం విశ్లేషిస్తుంది.

కీలక పదాలు: సుగమ్యత, దివ్యాంగుల హక్కులు, స్క్రీన్ రీడర్, చేనేత, వర్ణపదజాలం.

1. ప్రవేశిక:
2011 జనగణన ప్రకారం భారతదేశంలో దివ్యాంగుల సంఖ్య 2.68 కోట్లు. ప్రయాణం, రద్దీ, మెట్లు లేకుండా ఇంటినుంచే కొనుగోలు చేయగల ఆన్‌లైన్ దుకాణం అందరికంటే వీరికే ఎక్కువ ఉపకరించాలి. కాని మెట్లు లేని ఈ దుకాణంలోనూ మెట్లవంటి అడ్డంకులున్నాయి. పేరులేని బటన్లు, బొమ్మలను గుర్తించమనే పరీక్షలు అంధులను ఆపుతాయి. చేతులు సులువుగా కదలనివారికి ఓటీపీ గడువు చాలదు. ఫోనులో మాత్రమే లభించే సహాయం బధిరులకు అందదు.

2. చట్టం - అమలు:
2016 చట్టం ‘ప్రజా సౌకర్యాలు, సేవలు’ అనే మాటను నిర్వచిస్తూ క్రయవిక్రయాలను స్పష్టంగా పేర్కొంది. సుగమ్యతా నియమాలు వెలువడిన రెండేళ్లలోగా ప్రభుత్వ, ప్రైవేటు సేవాసంస్థలు రెండూ వాటిని పాటించాలని 46వ సెక్షన్ చెబుతుంది. కనుక ఆన్‌లైన్ దుకాణం చట్టపరిధిలో లేదనే వాదన నిలవదు. లోపం అమలులో ఉంది. 89వ సెక్షన్ ప్రకారం మొదటి ఉల్లంఘనకు జరిమానా పదివేల రూపాయలు మించదు. పెద్ద వ్యాపారసంస్థకు ఇది భయం కలిగించే మొత్తం కాదు.

రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరో లోపాన్ని బయటపెట్టింది. 2017 నాటి నియమావళిలోని 15(1) నియమం సుగమ్యతను కేవలం సిఫారసుల స్థాయిలో ఉంచిందని, అది చట్టానికి విరుద్ధమని కోర్టు నిర్ణయించింది. తప్పనిసరి నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో క్షేత్రస్థాయి నివేదికను హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయ దివ్యాంగ అధ్యయన కేంద్రం సమర్పించింది. ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న వచ్చిన తీర్పు డిజిటల్ అందుబాటును రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది.

3. ప్రమాణం - పరీక్ష:
వెబ్ సుగమ్యతకు అంతర్జాతీయంగా డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు ఆధారం. వీటి 2.2 రూపం 2023లో వెలువడింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 17802. సాధారణ పరిమాణంలోని అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలన్న నియమాన్ని యంత్రం క్షణంలో కొలవగలదు. బొమ్మకు ఇచ్చే ప్రత్యామ్నాయ వివరణ ఆ బొమ్మ చేసే పనినే చేయాలన్నది మరో నియమం. వివరణ ఉందో లేదో యంత్రం చెప్పగలదు. అది సరిపోతుందో లేదో మనిషే చెప్పాలి. ‘చీర’ అన్న ఒక్క మాట రాసినా యంత్రపరీక్షలో ఉత్తీర్ణత లభించవచ్చు. కొనుగోలుదారుకు మాత్రం ఏమీ తెలియదు. అందువల్ల లోపం ప్రమాణంలో కంటే, యంత్రపరీక్షతోనే తృప్తిపడే ధోరణిలో ఉంది.

4. తెలుగు వివరణ:
చీరల దుకాణంలో అమ్మకందారు మౌనంగా ఉండడు. నెమలికంఠం రంగు, వంగపండు రంగు, మెంతి రంగు, మామిడిచిగురు రంగు అంటూ పేర్లు చెబుతాడు. అంచు ఎన్ని అంగుళాలో, కొంగులో జరీ ఎంతో వివరిస్తాడు. గద్వాల చీర అయితే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అని చేతికందిస్తాడు. తెలుగు వర్ణనామాల్లో అధికభాగం వస్తువులనుంచి పుట్టినవి. పుట్టుకతో చూపులేని వ్యక్తికి కూడా మెంతుల వాసన, వంకాయ నునుపు తెలుసు. ఆ పేరు రంగును చూపలేకపోయినా, తోటివారు ఆ రంగు గురించి మాట్లాడుకునే మాటల్లో ఆమెకూ భాగమిస్తుంది. ఏ రవికకు ఏ చీర నప్పుతుందో ఆమే నిర్ణయించుకోగలుగుతుంది.

ఇదే చీర తెరమీదికి వచ్చేసరికి ఈ భాష మాయమవుతుంది. వివరణ లేనప్పుడు స్క్రీన్ రీడర్ చాలాసార్లు ఫైలు పేరునే, అంటే కొన్ని అక్షరాలను, అంకెలను చదువుతుంది. తెలుగు మాటను ఆంగ్లలిపిలో రాస్తే ఆంగ్లస్వరం దాన్ని వికృతంగా పలుకుతుంది. తెలుగు లిపిలో రాసినా, పుట భాష తెలుగని కోడ్‌లో సూచించకపోతే సరైన స్వరం ఎంపిక కాకపోవచ్చు. బొమ్మలోనే కలిపేసిన తెలుగు అక్షరాలు సాధారణంగా వినిపించవు. ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్‌లో తెలుగు స్వరం లభిస్తూనే ఉంది. కొరవడింది పలికే యంత్రం కాదు, దానికి అందించవలసిన మాట.

చిన్న నేతకారుడిపై ఇది అదనపు భారమనే అభ్యంతరం సమంజసమైనదే. 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చిన ఐరోపా సుగమ్యతా చట్టం కూడా సేవలందించే అతిచిన్న సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. అయితే రంగు, అంచు, కొంగు, నూలు అనే నాలుగు గడులను తెలుగులో నింపే వీలు కల్పించవలసింది విక్రయవేదిక. నేతకారుడు వాటిలో చెప్పవలసింది తాను రోజూ నోటితో చెప్పేదే.

5. ముగింపు:
న్యాయస్థానం హక్కును ప్రకటించింది, ప్రమాణం కొలతను ఇచ్చింది. ఈ రెండింటికీ స్థానిక భాషలో వివరణ తోడుకాకపోతే అంధ కొనుగోలుదారు డబ్బు చెల్లించగలదు గాని, ఎంచుకోలేదు. ఎంపిక మరొకరి కళ్లమీద ఆధారపడినంతకాలం కొనుగోలు ఆమెది కాదు. సుగమ్యతా పరీక్షల్లో తెలుగు వివరణ నాణ్యతను పరిశీలించే బాధ్యతను దివ్యాంగ వినియోగదారులకే అప్పగించడం, ఆ పనికి వేతనం చెల్లించడం తక్షణ అవసరాలు.