శాతం కన్నా ముందు పోస్టు సంగతి

రిజర్వేషన్ మాట వస్తే మన యువత ముందు చెప్పేది శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు 6, తెలంగాణలో 2022 నుంచి 10. ఈ అంకెలు అందరికీ నోటికి వచ్చు. కానీ ఆ శాతం దేని మీద లెక్క కడతారు? ఈ ప్రశ్న మన సభల్లో తక్కువగా వినిపిస్తుంది.

ఏదైనా ఆశ్రమ పాఠశాలను చూడండి. ఒక గదిలో రెగ్యులర్ టీచరు పాఠం చెబుతుంటారు. పక్క గదిలో అదే పాఠం చెప్పేది సీఆర్టీ, అంటే కాంట్రాక్టు టీచరు. కంప్యూటరు ముందు కూర్చున్నవారు ఔట్‌సోర్సింగ్. పిల్లలకు అందరూ ఒకటే. సర్కారు దస్త్రంలో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో వరస. ఆ వరసను బట్టే జీతం, సెలవు, పెన్షను, రేపటి భరోసా.

రెగ్యులర్ అంటే మంజూరైన పోస్టు. దానికి నోటిఫికేషన్, పరీక్ష, మెరిట్ జాబితా, రోస్టర్ ఉంటాయి. రోస్టర్ అంటే వంద వరసల పట్టిక. ఏ వరస ఎవరిదో ముందే రాసి ఉంటుంది. 6 శాతం అంటే సుమారు పదిహేడు పోస్టులకు ఒకటి. అందుకే నాలుగైదు పోస్టుల నోటిఫికేషన్‌లో ఎస్టీకి ఒక్కటీ రాకపోవచ్చు. లెక్క అక్కడితో ఆగిపోదు, తర్వాతి నియామకంలో ఆగిన చోటు నుంచే సాగాలి. నిండని పోస్టు బ్యాక్‌లాగ్ అవుతుంది. దాన్ని విడిగా నింపుకునే వీలు రాజ్యాంగం 16(4బి)లో ఉంది. పదోన్నతిలో రిజర్వేషన్‌కు 16(4ఎ) ఉంది. విచారణ లేకుండా ఉద్యోగం నుంచి తీసెయ్యకుండా 311వ అధికరణం అడ్డు నిలుస్తుంది. శాతానికి అసలు బలం ఇక్కడే.

కాంట్రాక్టు దగ్గరికి వచ్చేసరికి ఆ బలం సన్నగిల్లుతుంది. ఏటా గడువు, ఏటా కొత్త ఉత్తర్వు కోసం ఎదురుచూపు. ఉమాదేవి కేసులో 2006లో సుప్రీంకోర్టు, ఎన్నాళ్లు పనిచేసినా తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ చేయమని అడిగే హక్కు రాదంది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే కోర్టు, సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని చెప్పింది. మొదటి తీర్పును ప్రభుత్వాలు ప్రతి ఫైలులో ఉదహరిస్తాయి. రెండోదాన్ని మనం గుర్తు చేస్తే తప్ప ఎవరికీ గుర్తు రాదు.

ఔట్‌సోర్సింగ్ ఇంకా కింది మెట్టు. మనకు ఏజెన్సీ అంటే మన కొండలు, మన ఊళ్లు. ఔట్‌సోర్సింగ్‌లో ఏజెన్సీ అంటే మనుషుల్ని సరఫరా చేసే సంస్థ. పని సర్కారుది, మనిషి మాత్రం సర్కారు ఉద్యోగి కాదు. సర్కారు నియామకమే లేనప్పుడు రోస్టర్ ఎవరు చూస్తారు? ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాస్ పెట్టినప్పుడు ఇందులోనూ రిజర్వేషన్ పాటిస్తామన్నారు. మంచిదే. అయినా ఆ కోటాతో దొరికేది భద్రత లేని పనే. కేంద్రంలో 45 రోజులు, ఆపైన సాగే తాత్కాలిక నియామకాలకూ రిజర్వేషన్ ఉండాలని ఉత్తర్వులున్నాయి. తాత్కాలికం కాబట్టి కోటా లేదనే వాదన నిలవదని చెప్పడానికి ఇదొక ఆధారం.

ఇక జీవో 3 విషయం. 1986లో జీవో 275, 2000 జనవరి 10న జీవో 3 ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. అప్పటికే చేరినవారిని మాత్రం, ఇలాంటి జీవో మళ్లీ తేకూడదన్న షరతు మీద కదిలించలేదు. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని, అయిదో షెడ్యూలు కింద గవర్నరు అధికారం అంత దూరం పోదని, 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉండాలన్న షరతు ఇతర ఎస్టీలకూ అన్యాయమని చెప్పింది. ఈ చివరి మాటను మనం తోసిపుచ్చలేం. పక్క ప్రాంతం నుంచి వచ్చిన ఆదివాసీ కూడా ఆదివాసీయే.

అయితే ఆ తీర్పు ఎక్కువగా తూచింది ఉద్యోగం కోరేవారి హక్కులనే. కువి, సవర, కోయ, గోండి తప్ప మరో మాట తెలియని ఒకటో తరగతి పిల్ల ఎవరి మాటతో చదువు మొదలుపెట్టాలన్నది ఆ తూకంలో తేలిపోయింది. మన ఉద్యమాలూ ఆ పిల్లను ముందు నిలబెట్టలేదు. ఉద్యోగాలు పోయాయని అన్నాం. పాఠం అర్థం కావడం లేదని గట్టిగా అనలేదు. భాష తెలిసి ఉండడం పుట్టుకకు సంబంధించిన కోటా కాదు, ఆ పనికి కావలసిన అర్హత. ప్రాథమిక తరగతుల టీచరుకు ఆ ఊరి పిల్లల భాష రావాలని నియామక నిబంధనల్లో రాయమని అడగాలి. ఆ భాష నేర్చుకున్న గిరిజనేతరులు వస్తే రానివ్వండి. పిల్లలకు మేలే. మనవాళ్లకూ నష్టం ఉండదు, ఇంట్లో ఆ మాటలు వింటూ పెరిగింది మనవాళ్లే కదా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇకపై నోటిఫికేషన్ చేతికి వస్తే వయసు, ఫీజు చూసి ఊరుకోకండి. పోస్టు రెగ్యులరా, కాంట్రాక్టా? మంజూరైనదా? రోస్టర్ ఏ వరస నుంచి మొదలైంది? ఎస్టీ బ్యాక్‌లాగ్ ఎంత? చెప్పకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. తోటి టీచర్లకు నా మాట: పదో తరగతి దాటే ప్రతి పిల్లకూ రోస్టర్ అంటే ఏమిటో ఒక్క పిరియడ్ చెప్పి పంపండి. రెగ్యులర్ పోస్టులు తగ్గుతూ పోతే శాతం పదైనా, ఇరవై అయినా కాగితం మీది అంకెగానే మిగులుతుంది.